మైన్‌క్రాఫ్ట్ లాయంలో రంగురంగుల గుర్రాలు: కొన్ని చిట్కాలు

మా ఇంట్లో పిల్లలతో పాటు నేనూ మైన్‌క్రాఫ్ట్ ఆడతాను. రియలిస్టిక్ హార్స్ జెనెటిక్స్ అనే మోడ్ పెట్టుకున్నాక మా ఆట సగం లాయంలోనే గడుస్తోంది. నిజం గుర్రాల రంగుల జన్యువుల్నే ఈ మోడ్ ఆటలోకి తెచ్చింది. కోరిన రంగు పిల్ల పుట్టాలంటే మాకు పనికొచ్చినవి ఇవి.

1. మోడ్ పెట్టేముందు సేవ్స్ ఫోల్డర్‌లోంచి మీ ప్రపంచాన్ని మొత్తంగా కాపీ చేసి వేరే చోట దాచండి. మోడ్ మీ ఆట వెర్షన్ కోసం చేసినదే కావాలి. తర్వాత ఎప్పుడైనా మోడ్ తీసేస్తే, అది తెచ్చిన గుర్రాలూ దాంతోనే పోతాయి. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

2. మామూలు ఆటలో 7 ఒంటి రంగులు, 5 మచ్చల తీరులు, అంటే మొత్తం 35 రకాలు. పిల్లకు 9లో 8 వంతులు తల్లి రంగో తండ్రి రంగో వస్తుంది, మిగిలిన ఒక వంతు ఏదైనా రావచ్చు. మోడ్‌లో ఈ లెక్క పనిచేయదు, పక్కన పెట్టేయండి.

3. గుర్రాల్ని జతకట్టించడానికి బంగారు యాపిల్ వాడకండి. దానికి 8 బంగారు కడ్డీలు పోతాయి. బంగారు క్యారెట్‌కు 8 బంగారు పలుకులు చాలు. 9 పలుకులైతే ఒక కడ్డీ కాబట్టి, ఒక్క యాపిల్ ఖర్చుతో 9 క్యారెట్లు చేసుకోవచ్చు. రెంటితోనూ పుట్టేది పిల్లే.

4. ఒక నోటుపుస్తకం పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా ఇదే. ఎడమ పక్క గుర్రం పేరు, తల్లి, తండ్రి. కుడి పక్క దానికి పుట్టిన పిల్లల రంగులు. ప్రతి రంగు జన్యువూ జంటగా ఉంటుంది, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. పైకి కనబడేది ఒకటైతే లోపల దాగినది మరొకటి కావచ్చు. దాగినది బయటపడేది పిల్లల్లోనే. మా పెద్దది మొదట్లో అన్నీ గుర్తుంటాయంది. పది గుర్రాలు దాటాక తనే పుస్తకం అడిగి తీసుకుంది.

5. నల్ల గుర్రం ఎరుపును దాచుకుందేమో చూడాలంటే దాన్ని ఎర్ర గుర్రంతో జతకట్టించండి. ఒక్క ఎర్ర పిల్ల పుట్టినా దాచుకుందని తేలిపోతుంది. ఎరుపు దాచుకున్న గుర్రానికి వరుసగా ఐదు పిల్లలూ ఎరుపు కాకుండా పుట్టడం 32లో ఒక్కసారే జరుగుతుంది. కాబట్టి ఐదు కాన్పులు చూసి నిర్ణయానికి రండి.

6. నల్లదీ ఎర్రదీ కలిస్తే ఒక్కోసారి గోధుమ ఒళ్లు, నల్ల జూలు, నల్ల కాళ్లు ఉన్న పిల్ల పుడుతుంది. ఇంట్లో అందరం తెల్లబోయాం. దీని వెనక అగౌటి అనే జన్యువు ఉంది. నలుపును జూలుకీ తోకకీ కాళ్లకీ పరిమితం చేయడమే దాని పని. ఎర్ర గుర్రంలో నలుపే ఉండదు కనుక, ఆ జన్యువు ఉన్నా కనబడే దారి లేదు. అలాంటి ఎర్ర గుర్రాన్ని వదులుకోకండి.

7. బంగారు ఒళ్లూ తెల్ల జూలూ ఉండే పాలొమీనో అంటే అందరికీ మోజే. అలాంటివి రెండు కలిపితే అన్నీ పాలొమీనోలే వస్తాయనుకుంటాం, రావు. నాలుగింట రెండు పాలొమీనోలు, ఒకటి ఎర్రది, ఒకటి మీగడ రంగులో నీలి కళ్లతో ఉండే క్రిమెల్లో. ఆ క్రిమెల్లోను పారేయకండి! మీగడ జన్యువు ఒకటుంటే ఎర్ర ఒళ్లు బంగారమవుతుంది, రెండుంటే క్రిమెల్లో అవుతుంది. అందుకే క్రిమెల్లోను ఎర్రదానితో జతకట్టించండి, ప్రతి పిల్లా పాలొమీనోయే. ఇంకో మాట: నల్ల గుర్రంలో ఒక్క మీగడ జన్యువు ఉన్నా పైకి దాదాపు తెలియదు. అది కూడా పుస్తకంలోనే దొరుకుతుంది.

8. బూడిద గుర్రాలకు వేరే కంచె వేయండి. బూడిద జన్యువు ఒక్కటున్నా చాలు, మిగతా రంగులన్నిటినీ కప్పేస్తుంది. నిజం గుర్రాల్లోనైతే ఇవి ముదురు రంగుతో పుట్టి ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడతాయి.

9. నాలుగు కాళ్లకూ ముఖానికీ తెలుపున్న గుర్రాన్ని మన పెద్దలు పంచకల్యాణి అన్నారు. మామూలు ఆటలోని ఐదు మచ్చల తీరుల్లో అదీ ఒకటి. మోడ్‌లో మాత్రం కాళ్ల తెలుపు వెనక చాలా జన్యువులున్నాయి, పై చిట్కాల్లాంటి తేలిక లెక్క కుదరదు. ప్రతి తరంలోనూ తెలుపు ఎక్కువున్న పిల్లల్ని ఏరి జతకట్టిస్తూ పోవాలి. మా లాయంలో ఇప్పటికి మూడు కాళ్లు తెల్లగా ఉన్న పిల్ల దాకా వచ్చాం.