జావా సముద్రమున నాలుగు జెండాలు

బాలలారా! ఆసియా పటమును ముందుంచుకొని, మన తూర్పుతీరము నుండి ఆగ్నేయముగా దృష్టి సారింపుడు. అండమాను దీవులను, సుమత్రాను దాటిన పిమ్మట జావా ద్వీపము కనబడును. దానికి ఉత్తరమున నున్నదే జావా సముద్రము. 1942 ఫిబ్రవరి 27వ తేదీన ఆ జలములపై నాలుగు దేశముల యుద్ధనౌకలు ఒకే సేనాపతి ఆజ్ఞకు లోబడి పోరాడినవి.

జపాను 1941 డిసెంబరులో యుద్ధమునకు దిగి, మలయాను గెలిచి, చమురు పుష్కలముగా లభించు డచ్చి ఈస్టిండీసులపై కన్ను వేసెను. దానిని నిలువరించుటకు అమెరికా, బ్రిటను, హాలెండు, ఆస్ట్రేలియాలు 1942 జనవరిలో ఒక సంయుక్త సేనాధిపత్యము నేర్పరచి వేవెల్ అను సేనానికి అప్పగించినవి. తరువాత మన దేశమునకు వైస్రాయిగా వచ్చిన వేవెల్ ఈతడే. ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయెను. 25న ఆ సేనాధిపత్యమే రద్దయ్యెను. నౌకలు మాత్రము మిగిలియుండెను.

వానికి నాయకుడు డచ్చి రియర్ అడ్మిరల్ కారెల్ డోర్మన్. అతని చేతిలో 5 క్రూయిజర్లు, 9 డిస్ట్రాయర్లు ఉండెను. క్రూయిజర్లలో ‘డి రాయ్‌టర్’, ‘జావా’ డచ్చివారివి. ‘ఎక్సెటర్’ బ్రిటిషు వారిది. ‘హ్యూస్టన్’ అమెరికా వారిది. ‘పెర్త్’ ఆస్ట్రేలియా వారిది. సంఖ్య చూడ తక్కువ గాదు. కాని ఈ నౌకలన్నియు కలిసి అభ్యాసము చేసినది లేదు. అందరికిని తెలిసిన సంకేతభాషయు లేదు. డోర్మన్ ఆజ్ఞలను అతని నౌకలోని అమెరికను అధికారి ఆంగ్లమున తక్కిన నౌకలకు అందింపవలసియుండెను. గుండ్లు కురియుచుండగా ఒక్క నిమిషము ఆలస్యమైన నెంత చేటో మీరే యూహింపుడు.

రేయంతయు శత్రువును వెదకి, నిద్రలేక అలసిన నావికులతో డోర్మన్ సురబాయా రేవునకు మరలుచుండెను. రేవు ముఖముననే శత్రునౌకల జాడ తెలిసెను. అతడు లోనికి పోక, అక్కడనే నౌకలను వెనుకకు త్రిప్పెను.

ఎదుట 4 క్రూయిజర్లు, 14 డిస్ట్రాయర్లు. వాని వెనుక సైన్యమును మోయు రవాణానౌకలు. జపానువారి పెద్ద క్రూయిజర్లు రెండింటికి ఎనిమిది అంగుళముల ఫిరంగులు 20 గలవు. ‘హ్యూస్టన్’ వెనుక ఫిరంగులు ముందే బాంబుదెబ్బకు చెడిపోవుటచే, మిత్రపక్షమునకు అట్టివి 12 మాత్రమే మిగిలెను. ఆపై, మన కంటికి చాలక గుర్తు లేకయే 20 కిలోమీటర్లకు మించి పోగల టార్పెడోలు జపానువారి వద్ద నుండెను. వాని శక్తి మిత్రపక్షమువారు ఎరుగరు.

సాయంకాలము 5 గంటల వేళ ఒక గుండు ‘ఎక్సెటర్’ బాయిలరు గదిలో పేలెను. వేగము తగ్గి ఆ నౌక ప్రక్కకు తిరుగగా, వెనుకనున్నవి అది సేనాపతి ఆజ్ఞ యనుకొని తామును తిరిగెను! ‘డి రాయ్‌టర్’ ఒంటరిగా ముందునకు సాగెను. ఈ గడబిడలో ‘కోర్టెనార్’, ‘ఎలెక్ట్రా’ అను డిస్ట్రాయర్లు మునిగినవి. రాత్రి ‘జూపిటర్’ నౌక మిత్రులే పరచిన మైనుకు తగిలి మునిగెనని చరిత్రకారులు చెప్పుదురు. తక్కిన డిస్ట్రాయర్లు రేవునకు మరలెను. నాలుగు క్రూయిజర్లతోనే డోర్మన్ మరల శత్రువును వెదకుచు పోయెను. రాత్రి 11 గంటలు దాటిన పిమ్మట ‘జావా’, ‘డి రాయ్‌టర్’ టార్పెడోల పాలయ్యెను. డోర్మన్ తన నౌకతోనే మునిగెను.

మునుగువారికొరకు ఆగవలదని అతడు ముందే ఆజ్ఞాపించియుండెను. దాని ప్రకారమే ‘పెర్త్’ కెప్టెన్ వాలర్ ‘హ్యూస్టన్’ను వెంటబెట్టుకొని మరలెను. వెనుదిరిగినందులకు డచ్చి అడ్మిరల్ హెల్‌ఫ్రిచ్ పిదప వాలరును నిందించెను. ఆ నింద న్యాయమని నాకు తోచదు. ఆ రెండు నౌకలును మార్చి 1న సుందా జలసంధిలో, చుట్టుముట్టిన శత్రువుతో పోరి మునిగెను. వాలరు బ్రదుకలేదు.

ఇంతకును సాధించినదేమి? జపానువారి నౌక ఒక్కటియు మునుగలేదు. జావాపై వారి సేన దిగుట ఒక్క దినము ఆలస్యమయ్యెను, అంతియే. మార్చిలోనే జావా లొంగిపోయెను. ఏప్రిలు 6న జపాను విమానములు మన విశాఖపట్టణముపై, కాకినాడపై బాంబులు వేసినవి.

సముద్రగర్భమున ‘డి రాయ్‌టర్’, ‘జావా’ నౌకల శిథిలములు 2002లో కనబడెను. 2016లో మరల దిగి చూచినవారికి అవి కనబడలేదు. పాతలోహము అమ్ముకొనువారు కోసికొనిపోయిరని తలంతురు. అడుగున నౌకాకారమున పల్లములు మాత్రము మిగిలియుండెను.