ఉత్తరముల రేవు: ఈ-మెయిలు సర్వరునకు ఒత్తిడి పరీక్ష

మన బీచిరోడ్డున నిలిచి చూచినచో, రేవు వెలుపల లంగరువేసి తమ వంతునకై వేచియుండు ఓడలు కానవచ్చును. 1933వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన జలదుర్గ యను ఓడ ఈ రేవునకు మొట్టమొదట వచ్చినది. నాటినుండి నేటివరకు రేవు సామర్థ్యమును నిర్ణయించునది సముద్రపు వైశాల్యము కాదు. బెర్తునొద్ద సరకు దింపుటకు పట్టు కాలమే. ఈ-మెయిలు సర్వరును గూర్చి తెలిసికొనగోరు విద్యార్థులు ఈ దృశ్యమును మనస్సున నుంచుకొన్నచో సగము పాఠము వచ్చినట్లే.

సర్వరనగా ఉత్తరములను పుచ్చుకొని, నిలువజేసి, చేరవలసిన చోటికి పంపు కంప్యూటరు. ఒక సర్వరు వేరొకదానికి ఉత్తరము నందించునపుడు పాటింపవలసిన మర్యాదలను జాన్ పోస్టెల్ 1982లో నియమావళిగా కూర్చెను. ఉత్తరము పూర్తిగా అందిన పిమ్మట పుచ్చుకొన్న సర్వరు 250 అను అంకెతో బదులు చెప్పును. ఇది వట్టి నమస్కారము కాదు. ఇకమీదట ఈ ఉత్తరమునకు పూచీ నాది యనుట. ఆ మాట వినగానే పంపిన సర్వరు తన ప్రతిని చెరిపివేయును. కావున 250 అనుటకు పూర్వమే ఉత్తరము డిస్కుపై వ్రాయబడి యుండవలెను.

ఆలస్యము తరచుగా ఇచ్చటనే పుట్టును. నిమిషమునకు 7,200 మారులు తిరుగు డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగును. ఒక్కొక్క ఉత్తరమును భద్రపరచుటకు ఒక్కొక్క చుట్టు పట్టినచో, ప్రాసెసరు ఎంత వేగవంతమైనను సెకనుకు 120 ఉత్తరములకు మించి సాగదు. యంత్రము మందగించినదని వినగానే క్రొత్త ప్రాసెసరు కొనువారు, బెర్తున క్రేనులు చాలనప్పుడు సముద్రమును లోతుచేయబూనిన వారివంటివారు.

సర్వరు సగటున సెకనుకు 100 ఉత్తరముల పని ముగింపగలదనుకొందము. ఉత్తరములు క్రమము లేక వచ్చుచు, ఒక్కొక్కదానికి పట్టు కాలము హెచ్చుతగ్గులుగా నున్నచో, వరుసల గణితము చూపు ఫలము చిత్రమైనది. సెకనుకు 50 వచ్చునపుడు ఒక్కొక్క ఉత్తరము సగటున సెకనులో 50వ వంతు లోపల నుండును. 90 వచ్చినచో 10వ వంతు. 99 వచ్చినచో పూర్తిగా ఒక సెకను. రాక రెట్టింపైనను కాలేదు, ఆలస్యము 50 రెట్లాయెను! అందుచే పరీక్షించువారు భారమును మెట్టుమెట్టుగా పెంచుచు, ఆలస్యము నిట్టనిలువుగా లేచు చోటును గుర్తింపవలెను. పోస్ట్‌ఫిక్స్ అను సర్వరుతో పాటు ఇందులకై రెండు సాధనములు లభించును. ఒకటి కల్పితోత్తరములను కురిపించును. రెండవది వానిని మ్రింగి పారవేయును. నిజమైన చిరునామాలకు పరీక్షోత్తరములు పంపుట తగదు. ఒక మారునకు ఒక్క అమరికనే మార్చవలెను. రెండు మార్చినవానికి ఏది మేలు చేసెనో తెలియదు.

డిస్కుపై వ్రాయకయే 250 అనునట్లు అమర్చుటకును వీలు కలదు. అప్పుడు పరీక్షలో అంకెలు ఆకాశమునంటును. మేమీ అమరికను అంగీకరింపము. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను మన నగరమునొద్దనే తీరము దాటినది. గాలి గంటకు 170 కిలోమీటర్లకు పైబడి వీచెను. కరెంటును టెలిఫోనులును దినముల తరబడి లేకపోయెను. అట్టి క్షణమున, డిస్కునకు చేరని ఉత్తరము పంపినచోటను ఉండదు, పుచ్చుకొన్నచోటను ఉండదు. అది ఒక విద్యార్థి కళాశాల ప్రవేశమునకై పంపిన దరఖాస్తే కావచ్చును. చేరినదనియే వాడు నమ్మియుండును.

మేలైన ఉపాయములు లేకపోలేదు. అనేకోత్తరముల వ్రాతలను ఒక్క చుట్టులో కలుపవచ్చును. పనికిమాలిన ఉత్తరములను గుమ్మముననే త్రిప్పిపంపవచ్చును.

సర్వరు మూతపడియున్నపుడు, దానికి రావలసిన ఉత్తరములను పంపువారి సర్వరులు తమయొద్దనే యుంచుకొని మరల మరల ప్రయత్నించును. కనీసము నాలుగైదు దినములు విడువరాదని తరువాతి నియమావళి చెప్పుచున్నది. కరెంటు వచ్చిననాడు అవన్నియు ఒక్కుమ్మడిగా తలుపు తట్టును. కావున పెట్టవలసినది మామూలు సోమవారపు రద్దీ కాదు, తుపాను తరువాతి రద్దీ. ఏకకాలమున లోనికి వచ్చువారికి హద్దు పెట్టి, తక్కినవారిని పిమ్మట రమ్మనుట దోషము కాదు. లంగరు వేసిన ఓడ మునిగిన ఓడ కాదుగదా.

కడపటి పరీక్ష యొకటి కలదు. భారము నిండుగా నున్నపుడు పరీక్షాయంత్రపు కరెంటు తీగను ఊడబెరికి, మరల వెలిగించి, పంపిన సాధనము 250 అను బదులు ఎన్నిమారులు వినెనో ఆ లెక్కతో డిస్కున దొరికిన ఉత్తరములను సరిచూడవలెను. ఒక్కటి తగ్గినను అమరిక మార్చి మొదటినుండి ఆరంభింపవలెను.