కల్తీ మత్తుమందులు – మానని పుండ్లు

మత్తుకు బానిసైన మనిషి అనగానే తూలుతూ నడిచే మనిషి, చితికిపోయిన కుటుంబం మన కళ్ళముందు మెదులుతాయి. కాళ్ళకూ చేతులకూ గుడ్డలు చుట్టుకుని, పుండు వాసన వస్తోందన్న సిగ్గుతో నలుగురిలోకి రాలేకపోయే మనిషి మనకు గుర్తుకు రాడు. అమెరికాలో, ముఖ్యంగా ఫిలడెల్ఫియా నగరంలోని కెన్సింగ్టన్ ప్రాంతంలో, కొన్నేళ్ళుగా వైద్యులు ఇలాంటి వారిని ఎందరినో చూస్తున్నారు. ఈ పుండ్లు ఎందుకు వస్తాయి, ఎలా మానతాయి, దాతలుగా మనం ఇందులో గ్రహించవలసింది ఏమిటి అన్నదే ఈ పాఠం.

కల్తీ ఏమిటి?

నల్లమందు కుటుంబానికి చెందిన మందులను ఓపియాయిడ్లు అంటారు. మార్ఫిన్, హెరాయిన్, ఫెంటనిల్ ఈ కోవలోవే. దొంగచాటుగా అమ్మే ఫెంటనిల్ మత్తు త్వరగా దిగిపోతుంది. అది ఎక్కువసేపు నిలవాలని అమ్మకందారులు అందులో జైలజిన్ కలుపుతారు. ఇది పశువుల మందు. 1962లో బేయర్ కంపెనీ దీన్ని రక్తపోటుకు మందుగా తయారుచేసింది. కానీ మనుషుల్లో రక్తపోటు మరీ పడిపోవడం, మగత ముంచుకురావడం చూసి పశువైద్యానికే పరిమితం చేశారు. మన పశువైద్యులు కూడా పశువులకు మత్తు ఇవ్వడానికి దీన్ని వాడతారు.

ఈ కల్తీ 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో ప్యూర్టోరికో దీవిలో బయటపడింది, ఆ తర్వాత ఫిలడెల్ఫియాలో పాతుకుపోయింది. 2021లో ఆ నగరంలో పరీక్షించిన మత్తుమందు నమూనాల్లో నూటికి 90కి పైగా జైలజిన్ ఉంది. ఫెంటనిల్‌లో జైలజిన్ కల్తీని 2023 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం కొత్తగా తలెత్తుతున్న ముప్పుగా ప్రకటించింది. 2024 నుంచి అక్కడ దాని స్థానంలో మెడెటోమిడిన్ అనే మరో పశువుల మందు కలుస్తోంది. కల్తీ ఇలా మారుతూనే ఉంటుంది. కొన్నవాడికి తన ఒంట్లోకి ఏం పోతోందో తెలియదు.

పుండు ఎలా పడుతుంది?

సూది గుచ్చిన చోట చీముగడ్డ లేవడం వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. ఈ పుండు వేరు. సూది గుచ్చని చోట కూడా, ముఖ్యంగా ముంజేతుల మీద, మోకాలి కింద ఇది పడుతుంది. సూది వాడకుండా పొగ పీల్చేవారిలోనూ కనిపిస్తుంది. మొదట చిన్న పొక్కో, ఊదారంగు మచ్చో కనబడుతుంది. తర్వాత అక్కడి చర్మం చచ్చి, తోలులాంటి నల్లని పెచ్చు కడుతుంది. పట్టించుకోకపోతే లోపలి కండరం, ఎముక దాకా పోతుంది.

జైలజిన్ వల్ల రక్తనాళాలు ముడుచుకుపోయి చర్మానికి రక్తం సరిగా అందకపోవడం దీనికి ఒక ముఖ్య కారణమని వైద్యులు భావిస్తున్నారు. మత్తులో గంటల తరబడి కదలకుండా పడి ఉండటం, సరైన తిండి, స్నానం లేకపోవడం దీనికి తోడవుతాయి. షుగర్ ఉన్న పెద్దల కాలి పుండుకు ఇంట్లో సేవ చేసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. రక్తం అందని చోట పుండు మానదు.

ఏం చేయాలి?

1. రోజూ శుభ్రమైన నీటితో, ఘాటులేని సబ్బుతో గానీ సెలైన్‌తో గానీ కడగాలి.
2. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయకూడదు. అవి బతికున్న చర్మాన్నీ దెబ్బతీస్తాయి.
3. పుండు ఎండిపోకుండా పెట్రోలియం జెల్లీ రాసి, అంటుకోని డ్రెస్సింగ్ వేసి, పైన మెత్తని కట్టు కట్టాలి.
4. నల్లని పెచ్చును సొంతంగా పీకకూడదు.
5. జ్వరం, చుట్టూ పాకుతున్న ఎరుపు, భరించలేని నొప్పి, ఎముక కనబడటం – వీటిలో ఏది ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.
6. మోతాదు మించి స్పృహ తప్పితే అంబులెన్సును పిలిచి, దొరికితే నాలోక్సోన్ ఇవ్వాలి. అది జైలజిన్‌కు విరుగుడు కాదు. అయినా కలిసి ఉన్న ఓపియాయిడ్‌పై పనిచేస్తుంది కాబట్టి తప్పక ఇవ్వాలి. శ్వాస అందకపోతే నోటితో శ్వాస అందించాలి. శ్వాస తిరిగి వచ్చినా మనిషి వెంటనే లేవకపోవచ్చు.

ఇలా చూసుకుంటే చాలా పుండ్లు కాలో చెయ్యో తీసివేయకుండానే మానతాయి. అయితే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ఆలస్యం ఎందుకు?

పెద్ద చిక్కు ఇక్కడే ఉంది. పుండు చూపిస్తే చీదరించుకుంటారని రోగి భయం. పైగా ఆసుపత్రిలో చేరిన కొద్ది గంటల్లోనే మత్తు అందక వణుకు, వాంతులు, ఒళ్ళునొప్పులు మొదలవుతాయి. తట్టుకోలేక వైద్యం మధ్యలోనే వెళ్ళిపోతాడు. మళ్ళీ వచ్చేసరికి కాలు దక్కని స్థితి. అందుకే వైద్యులు పుండుతో పాటు ఆ బాధకూ మెథడోన్, బుప్రెనార్ఫిన్ లాంటి మందులు ఇస్తారు. ఫిలడెల్ఫియాలో నర్సులు, స్వచ్ఛంద సేవకులు వీధుల్లోకే వెళ్ళి కట్లు కడుతున్నారు.

దాతల ప్రశ్న

“చేతులారా తెచ్చుకున్న పుండుకు మన సొమ్మెందుకు? ముందు మత్తు మానెయ్యమనండి” అని కొందరు అడగవచ్చు. మత్తు నిషిద్ధమన్న విషయంలో మనలో ఎవరికీ సందేహం లేదు. కానీ మత్తు మానే దాకా పుండు ఆగదు. స్వీటు తిన్నాడని షుగర్ రోగికి మనం డ్రెస్సింగ్ ఆపుతామా? పైగా కట్టు కోసం వచ్చే మనిషి రోజూ ఎవరో ఒకరి ముందు కూర్చుంటాడు, మాట్లాడతాడు. మత్తు వదిలించే చికిత్స గురించి చెప్పడానికి అంతకన్నా మంచి అవకాశం దొరకదు. తలుపు మూసేస్తే అదీ పోతుంది.

ఇదంతా దూరదేశపు సంగతి అనుకోవద్దు. మన పిల్లలు ఎందరో అక్కడ చదువుకుంటున్నారు. మన దేశంలోనూ పెంటాజొసిన్ ఇంజెక్షన్లకు అలవాటుపడినవారిలో చర్మం చెక్కలా గట్టిపడి, లోతైన పుండ్లు పడటం వైద్యులు ఏనాటి నుంచో చూస్తున్నారు. ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా విప్పని కుర్రవాడు, పుండు దాచుకుని కుంటుతున్న మనిషి మన వీధిలోనూ ఉండవచ్చు.

అలాంటివారు ఎదురైతే మొదటి మాటగా నిందించవద్దని మా మనవి. పుండు కడిగించి, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెంట వెళ్ళండి. మత్తు మానిపించే సలహా కోసం జాతీయ ఉచిత హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయవచ్చు. దానమిచ్చే సొమ్ములో కొంత గాజు గుడ్డకు, సెలైన్‌కు, ఆటో చార్జీకి కేటాయించండి. ఖర్చు తక్కువే, కానీ వేళకు అందితే ఒకరి కాలు నిలుస్తుంది. ఆ కాళ్ళతోనే అతను రేపు చికిత్సా కేంద్రానికి నడిచి వెళ్ళాలి.