మాట – మెదడు

పారిస్ చెంతనున్న బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి ఉండేవాడు. ఏమడిగినా ‘టాన్, టాన్’ అనడమే అతని సమాధానం. ఇతరుల మాటలు మాత్రం చాలావరకు గ్రహించేవాడు. 1861లో అతడు మరణించిన పిదప పాల్ బ్రోకా అనే వైద్యుడు మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందుభాగం దెబ్బతిన్నదని కనుగొన్నాడు. వాక్కుకు స్థానం దొరికినదని నాడీశాస్త్రం సంతోషించింది.

అయితే ఇట్టి రోగులకు అర్థగ్రహణం నిజముగా చెక్కుచెదరలేదా? 1976లో కారమజ్జా, జురిఫ్ అనే పరిశోధకులు ఆంగ్లవాక్యాలతో దీనిని పరీక్షించారు. ‘బాలుడు తింటున్న పండు ఎర్రగా ఉంది’ వంటివి రోగులకు బోధపడ్డాయి. పండు బాలుని తినదు కదా! ‘పులి తరుముతున్న సింహం లావుగా ఉంది’ వంటి వాక్యాలలో తరిమేది ఏదో తేల్చుకోలేకపోయారు. లోకజ్ఞానం తోడురానిచోట వ్యాకరణమే దిక్కు. వారికి కొరవడినది అదే. తెలుగులోనైతే ‘పులిని తరుముతున్న సింహం’ అన్నంతనే తరిమేది సింహమవుతుంది. ఆ భారమంతా ‘ని’ అనే ఒక్క విభక్తిప్రత్యయానిదే.