పిట్టకిచ్చిన మాట

జనగామ

బిడ్డా,

అల్లుడు ఫోన్ చేసిండు. మీ అమ్మ ఫోన్‌కు నెలనెలా రీచార్జ్ చేయిస్తున్నవట. రాత్రిపూట ఆ నంబరు కలిపి, అది మోగుతుంటే వింటూ కూసుంటున్నవట. నీకు నచ్చజెప్పమన్నడు. ఆ పని మానమని నేను చెప్ప. ఆమె నాకు తోడబుట్టిన చెల్లె. బజార్ల ముందు పోయే మనిషిల ఆమె నడక కనబడితే ఇప్పటికీ నా కాలాగుతది.

మూడొద్దుల నాడు భూపాలపల్లిల విస్తరి పెట్టి గంటసేపు చూసినం, యాదికున్నదా? కాకులు గోడ మీద వాలినయి గాని దిగలే. ఏదో మనసుల ఉండిపోయిందన్నరు. నేను ముందుకు పోయి, "చెల్లే, పిల్ల సంగతి నేను చూసుకుంట" అన్న. ఒక కాకి దిగి గారెముక్క ముక్కున కరుచుకొని పోయింది. ఆ మాట కోసమే ఈ ఉత్తరం.

అమ్మను మరిచిపొమ్మని అందరూ నీకు చెప్తున్నరు. మరుచుడు వేరు, సాగనంపుడు వేరు. మీ అమ్మ నిన్ను సంకనేసుకొని మేడారం తీసుకపోయేది. సమ్మక్క కథంత ఇంటోళ్లను పోగొట్టుకునుడే. కాకతీయ సేనతో పోరుల పెనిమిటి పగిడిద్దరాజు పాయె, బిడ్డ సారలమ్మ పాయె, కొడుకు జంపన్న సంపెంగవాగుల దుంకి పాయె అని చెప్పుకుంటరు. ఆ వాగే జంపన్నవాగైంది. జాతరకు మీ మానుకోట జిల్లా పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును, చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెస్తరు. తల్లి గద్దెనెక్కేటప్పుడు డప్పులు మోగుతయి, నాలుగోనాడు వనప్రవేశానికీ మోగుతయి. ఉండిపొమ్మని ఎవ్వరూ కొంగు పట్టరు. రెండేండ్లకు మళ్ల వస్తదన్న నమ్మకంతోనే సాగనంపుతరు.

మా దిక్కు కడవెండిల 1946 జులై 4న దొడ్డి కొమురయ్య తుపాకి గుండుకు ఒరిగిండు. ఆయన అన్న మల్లయ్యకు సుత గాయమైంది. ఇప్పటికీ ఏటా ఆ తారీఖున ఆయనను తలుచుకుంటరు. దుఃఖానికి ఒక జాగ, ఒక రోజు దొరికితే తక్కిన రోజుల్ల మనిషి తన పని తాను చేసుకుంటడు.

నువ్వు సుత అట్లనే చెయ్యి. ఏడుపొస్తే ఆపుకోకు. సంవత్సరీకమైనంక వచ్చే పెత్రమాసకు ఆమె పేరు మీద బియ్యమియ్యి. ఆ పొద్దుమీకే ఎంగిలిపూల బతుకమ్మ పేర్చు. పెద్దలను తలుచుకున్ననాడే పూలెత్తుకునుడు మన ఆనవాయితీ.

అన్నం సయించకపోయినా, నిద్ర పట్టకపోయినా దాచుకోకు. 14416కు చేస్తే టెలిమానస్ వాళ్లు తెలుగుల మాట్లాడుతరు, పైసలడగరు. డాక్టరు కాడికి పోయినంత మాత్రాన అమ్మను విడిచిపెట్టినట్టు కాదు.

అమ్మ ఫోన్ నీకు బుద్ధైనన్ని దినాలు ఉంచుకో. కాని రాత్రి ఆ నంబరు నొక్కబుద్ధైతే ముందుగాల నాకు చెయ్యి. ఎంత రాత్రైనా ఎత్తుత. మీ అమ్మ చిన్ననాటి ముచ్చట్లు, నీకు తెల్వనివి, నా కాడ మస్తున్నయి. అవి చెప్పుకునేటందుకు నాకూ ఒక మనిషి కావాలె.

నీ పెద్దమ్మ