హిత్తీయులు మనవాళ్లేనా? పేరు, భాష, దేవుళ్లు... విడివిడిగా చూద్దాం



"టర్కీలో దొరికిన 3,400 ఏళ్ల నాటి మట్టి పలక మీద ఇంద్రుడు, వరుణుడి పేర్లున్నాయి. కాబట్టి బైబిల్లో చెప్పిన హిత్తీయులు హిందువులే!" ఈ ఫార్వర్డ్ మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. ఇందులో మొదటి మాట నిజం. రెండోది కాదు. లెక్క ఎక్కడ తప్పిందో చూద్దాం.

ఎవరీ హిత్తీయులు?

అబ్రాహాము తన భార్య శారా చనిపోయినప్పుడు, ఆమె సమాధి కోసం హెబ్రోను దగ్గర మక్పేలా గుహను ఎఫ్రోను అనే హిత్తీయుడి దగ్గర 400 షెకెళ్ల వెండి ఇచ్చి కొన్నాడని ఆదికాండం చెబుతుంది. దావీదు రాజు సైనికుడు ఊరియా కూడా హిత్తీయుడే. 19వ శతాబ్దం దాకా వీళ్ల గురించి లోకానికి తెలిసింది దాదాపు ఇలాంటి ప్రస్తావనల వల్లే.

1906లో టర్కీలోని బొగాజ్‌కోయ్ దగ్గర హ్యూగో వింక్లర్ బృందం తవ్వకాలు మొదలుపెడితే వేలకొద్దీ మట్టి పలకలు బయటపడ్డాయి. అది హిత్తీ సామ్రాజ్య రాజధాని హత్తుస!

భాష ఏం చెబుతోంది?

1915లో చెక్ పండితుడు బెద్రిచ్ హ్రోజ్నీ ఆ భాష ముడి విప్పాడు. అందులో నీళ్లను 'వాతర్' అంటారు. మన 'ఉదకం', ఇంగ్లీషు 'వాటర్' దీనికి చుట్టాలే. అంటే ఇది ఇండో-యూరోపియన్ భాష. కానీ సంస్కృతం ఒక కొమ్మ, హిత్తీ భాష చాలా ముందే విడిపోయిన ఇంకో కొమ్మ. భాషలు చుట్టాలైనంత మాత్రాన మనుషులు హిందువులైపోతే, ఇంగ్లీషువాళ్లనీ ఆ లిస్టులో వేయాలి కదా!

పేరు ఏం చెబుతోంది?

వాళ్లు తమ భాషను నేశ అనే పట్టణం పేరు మీద 'నేశిలి' అనేవారు. 'హత్తి' అన్నది వాళ్లకంటే ముందు ఆ నేల మీదున్న వేరే జనం పేరు. ఆ పాత జనం భాష అసలు ఇండో-యూరోపియనే కాదు. క్రీ.పూ. 1200 ప్రాంతంలో సామ్రాజ్యం కూలిపోయాక, ఉత్తర సిరియాలోని చిన్న రాజ్యాలకు అదే పేరు మిగిలింది. పైగా ఎఫ్రోను లాంటి పేర్లు సెమిటిక్ పేర్లు. అందుకే హెబ్రోను హిత్తీయులు స్థానిక జనమే అయి ఉండొచ్చని చాలామంది పండితుల అభిప్రాయం. కోడ్‌లో ఒకే పేరున్న వేరియబుల్ ఫైల్‌కో విలువ పట్టుకుని ఉంటుంది చూశారా, అలాగన్నమాట.

మరి ఇంద్రుడు?

క్రీ.పూ. 14వ శతాబ్దంలో హిత్తీ రాజు సుప్పిలులియుమకూ, మితన్ని రాజు షత్తివాజకూ ఒప్పందం జరిగింది. సాక్షులుగా రెండు వైపుల దేవతలనీ పిలిచారు. మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యుల పేర్లు మితన్ని వైపున ఉన్నాయి. నాసత్యులంటే మన అశ్వినీ దేవతలే. హిత్తీయుల ముఖ్య దేవతలు తుఫాను దేవుడు, అరిన్న సూర్యదేవత.

మితన్నిలో ఎక్కువమంది మాట్లాడింది హుర్రియన్. కానీ రాజుల పేర్లలో, గుర్రాల శిక్షణలో సంస్కృతానికి దగ్గరి మాటలున్నాయి. మితన్నికి చెందిన కిక్కులి రాయించిన గుర్రాల శిక్షణ గ్రంథంలో అయిక, తేర, పంజ, సత్త అనే అంకెలు వస్తాయి. ఏక, త్రి, పంచ, సప్త... చదవగానే తెలిసిపోవట్లేదూ!

మనకెందుకు ఇదంతా?

మన వేద దేవతల పేర్లు 3,400 ఏళ్ల క్రితమే అంత దూరాన ఒక రాజ ఒప్పందంలో సాక్షులుగా నిలిచాయి. ఇది పక్కా ఆధారమున్న విషయం. దానికి "హిత్తీయులు హిందువులే" అని తోక తగిలిస్తే, ఆఫీసులో ఎవరో ఒకరు సెర్చ్ చేసి ఆ తోక అబద్ధమని చూపిస్తారు. అప్పుడు నిజమైన భాగాన్ని కూడా ఎవరూ నమ్మరు. నష్టం మనకే.

అందుకే ఇలాంటి ఫార్వర్డ్ వస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి: పేరు ఎవరిది? భాష ఎవరిది? దేవుళ్లు ఎవరివి? మూడింటికీ ఒకే జవాబు వస్తేనే ముందుకు పంపండి. సత్యాన్ని కాపాడటం కూడా ధర్మమే కదండీ.

శుభం!