నిర్బంధ ఆరోగ్య బీమా – ఒక పరిశీలన

పౌరులందరూ ఆరోగ్య బీమా చేయించుకొని తీరాలని ప్రభుత్వం శాసించవచ్చునా? వక్తృత్వ పోటీలో ఈ అంశం ఇస్తే అనుకూల పక్షం వారు జర్మనీని, ప్రతికూల పక్షం వారు అమెరికాను ఉదహరిస్తారు. ఆ దేశాల సంగతి తర్వాత చూద్దాం. ముందుగా మన మారేడ్‌పల్లినే తీసుకుందాం.

ఇక్కడ రైల్వేలో పనిచేసి రిటైరయి, వైద్య పథకంలో చేరినవారికి లాలాగూడ రైల్వే ఆసుపత్రి ఉంది. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1954లో ఢిల్లీలో మొదలైన సి.జి.హెచ్.ఎస్. ఉంది. కార్మికులకు ఇ.ఎస్.ఐ. ఉంది. తెల్లకార్డు కుటుంబాలకు 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ ఉంది. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. మరి చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాయన మాటేమిటి? ఇద్దరు పనివాళ్ళతో షాపు నడిపే టైలరు, ఇంట్లో ట్యూషన్లు చెప్పే మాస్టారు ఏ లెక్కలోకి వస్తారు? తెల్లకార్డు రాదు, ఇ.ఎస్.ఐ. వర్తించదు. ఇటువంటి వారు దేశ జనాభాలో సుమారు 30 శాతం, అంటే 40 కోట్ల మంది ఉంటారని నీతి ఆయోగ్ 2021లో అంచనా వేసింది. ఒక్క ఆపరేషన్ వచ్చిందంటే ఇంట్లో బంగారం తాకట్టుకు పోయేది వీళ్ళకే. అసలు చర్చ వీరిని గురించి జరగాలి.

నిర్బంధ బీమా మనకు కొత్తదేమీ కాదు. అదార్కర్ నివేదిక 1944లో వచ్చింది, 1948లో చట్టమయింది, 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీలలో ఇ.ఎస్.ఐ. ఆరంభమైంది. నీకు ఇష్టమేనా అని కార్మికుణ్ణి ఎవరూ అడగరు. 2019 జూలైలో నిర్ణయించిన రేట్ల ప్రకారం కార్మికుడి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. అంటే నెలకు 20,000 రూపాయల జీతగాడు 150 కడితే యజమాని 650 కడతాడు. కుటుంబానికంతటికీ వైద్యం లభిస్తుంది. ఈ నిర్బంధాన్ని స్వేచ్ఛకు భంగమని ఎవరూ అనడం లేదు. కారణం స్పష్టమే: కట్టేది శక్తికి తగ్గట్టు, పొందేది అవసరానికి తగ్గట్టు.

నిర్బంధం ఎందుకు అవసరమో చిట్టీ నడిపినవారికి వేరే చెప్పనక్కరలేదు. మొదటి నెలలోనే పాడుకోవాలనుకునే వాళ్ళే అందరూ చేరితే ఆ చిట్టీ నిలవదు. బీమా కూడా అంతే. జబ్బు వచ్చాకనే చేరతామంటే ప్రీమియం పెరుగుతుంది. ప్రీమియం పెరిగితే ఆరోగ్యంగా ఉన్నవారు తప్పుకుంటారు. అప్పుడది మరింత పెరుగుతుంది. ఈ చిక్కు తీరాలంటే ఆరోగ్యవంతులు కూడా చేరాలి.

జర్మనీలో బిస్మార్క్ 1883లోనే కార్మికులకు నిర్బంధ బీమా పెట్టాడు. మూడింట రెండు వంతులు కార్మికులు, ఒక వంతు యజమానులు కట్టేవారు. అమెరికాలో 2010 చట్టం బీమా లేనివారికి జరిమానా విధించింది. దాన్ని పన్నుగా పరిగణించి సుప్రీంకోర్టు 2012లో సమర్థించింది. కాని ప్రజల్లో వ్యతిరేకత పోలేదు. 2019 నుంచి ఆ జరిమానాను సున్నా చేశారు.

ఇక ప్రతికూల వాదం. స్కూటరుకు బీమా నిర్బంధం కదా, మనిషికి ఎందుకు కాకూడదని కొందరంటారు. ఈ పోలిక నిలవదు. స్కూటరు వద్దనుకుంటే బీమా తప్పుతుంది, శరీరాన్ని వద్దనుకోలేం కదా! పైగా స్కూటరు బీమా పరుల నష్టం కోసం. అంతకంటె బలమైన ఆక్షేపణ మరొకటి ఉంది. బీమా ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పుడే పనికొస్తుంది. నెలనెలా కొనే షుగరు మాత్రలకు, బి.పి. మాత్రలకు చేతి డబ్బే పెట్టుకోవాలి. కార్డు చేతిలో ఉన్నా డాక్టరు అందుబాటులో లేకపోతే ఏం లాభం? బ్రిటన్ 1948 నుంచి పన్నుల డబ్బుతోనే అందరికీ వైద్యం చేయిస్తున్నది. మనకూ గాంధీ ఆసుపత్రి నడిచేది ఆ పద్ధతిలోనే. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం ప్రభుత్వ ప్రాథమిక కర్తవ్యాలలో ఒకటని మన రాజ్యాంగం 47వ అధికరణం చెబుతున్నది. ఆ కర్తవ్యాన్ని బీమా కంపెనీలకు అప్పగించి చేతులు దులుపుకుంటే కుదరదు.

రెండు పక్షాలనూ తూచి చూస్తే నాకు తోచినది ఇది. నిర్బంధం ఉండవచ్చు, కాని అది ఏకపక్షంగా ఉండరాదు. మొదటిది, చందా ఆదాయాన్ని బట్టి ఉండాలి. యజమాని లేని టైలరు తరఫున ఆ రెండో వాటాను ప్రభుత్వం భరించాలి. రెండవది, మామూలు జ్వరానికి, నెలవారీ మాత్రలకు కూడా బీమా వర్తించాలి. మూడవది, ప్రభుత్వ ఆసుపత్రులకిచ్చే డబ్బు ఒక్క రూపాయి తగ్గరాదు. పౌరుణ్ణి కట్టి తీరాలనే ప్రభుత్వం, వైద్యం చేయించి తీరతానని తానూ చట్టంలో రాసి ఇవ్వాలి. ఆ హామీ లేకుండా విధించే నిర్బంధ బీమా కేవలం మరో పన్ను అవుతుంది.